మూడు పాత డబ్బాలు... ఒక చదువు

యథార్థ గాథ

2020 ఏప్రిల్‌, కరోనా లాక్‌డౌన్‌ రోజులు. ప్రకాశం జిల్లా కొమరోలు మెయిన్‌రోడ్డు మీద పట్టపగలు కూడా మనిషి కనపడటం లేదు. గిద్దలూరు బస్సులు మార్చి నెలాఖరుకే ఆగిపోయాయి. పొద్దున కాసేపు కిరాణా కొట్లు తెరుస్తారు, ఎండ ముదిరేలోగా మూసేస్తారు. ఆ తర్వాత ఊరంతా తలుపుల వెనకే.

అలాంటి ఒక తలుపు వెనక ఇంజినీరింగ్‌ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఫోను పట్టుకుని కూర్చుంది. మార్చి 19 నుంచి రాష్ట్రంలో కాలేజీలు మూసేస్తే హాస్టల్‌ ఖాళీ చేసి, నాలుగు జతల బట్టలతో ఇంటికొచ్చింది. పదిహేను రోజుల్లో మళ్లీ వెళ్తాననుకుంది. పుస్తకాలు సగం హాస్టల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు క్లాస్‌ గ్రూపులో మెసేజ్‌ వచ్చింది. పాఠాలు ఆన్‌లైన్లో చెప్తారు. ల్యాబ్‌ ప్రోగ్రాములు ఎవరింట్లో వాళ్లే రాసి, రన్‌ చేసి, అవుట్‌పుట్‌ పంపాలి.

పాఠం ఫోన్లో వినొచ్చు. అయిదంగుళాల తెర మీద, బొటనవేలితో, రెండొందల లైన్ల ప్రోగ్రాం రాయడం ఎలా? లాప్‌టాప్‌ కొందామంటే ఒంగోలు దాకా ఏ షాపూ తెరిచిలేదు. ఆన్‌లైన్లో బుక్‌ చేద్దామంటే నిత్యావసరాలు తప్ప ఇంకేవీ ఇంటికి తెచ్చివ్వడానికి అనుమతి లేదు. ఉన్నా కొనే స్తోమత ఆ ఇంటికి అప్పుడు లేదు. నాన్న వేసిన మిరప కల్లంలో ఉంది, కొనేవాడు రావడం లేదు.

అప్పుడు గుర్తొచ్చాడు మేనమామ. అదే ఊళ్లో ఆయనకు జిరాక్సు, డీటీపీ సెంటరు ఉంది. ఆ వెనక గదిలో మూడు పాత కంప్యూటర్లు ఏళ్ల తరబడి పడి ఉన్నాయి.

‘‘మామా, ఆ మూడిట్లో ఒకటన్నా పనికొస్తాదా?’’

‘‘ఒక్కటీ లేవదు పాపా. మొన్న సంక్రాంతికి పాతసామాన్లోడు కేజీల లెక్కన అడిగినాడు. బేరం తెగక అట్నే ఉండిపోయినాయి.’’

ఆ తెగని బేరమే ఈ కథకు మొదలు.

మూడు యంత్రాల చరిత్ర

మొదటిది పెంటియం-4. మామ అప్పు చేసి కొన్న తొలి కంప్యూటర్‌. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఊళ్లో సగం పెళ్లిపత్రికలు దాని మీదే తయారయ్యాయి. ఒక వేసవిలో ఆగి ఆగి పనిచేసి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. రెండోది ఆ తర్వాత కొన్న డ్యుయల్‌ కోర్‌. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక మళ్లీ ఆన్‌ కాలేదు. మూడోది గిద్దలూరులో సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చింది. ఫ్యాను తిరుగుతుంది, తెర మీద బొమ్మ రాదు.

మూడింటికీ మూడు జబ్బులు. అంటే ఒకదాంట్లో చెడినది ఇంకోదాంట్లో బాగుండవచ్చు. అమ్మాయి మనసులో పడిన ఆలోచన ఇదే. ఒక భాగం ఆగితే యంత్రమంతా పోయినట్టు కాదన్న సంగతి ఈమెకు కొత్త కాదు. ఆమె ఆరో తరగతిలో చేరేనాటికే హైస్కూల్లో కంప్యూటర్‌ గది ఉంది. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 5,000 పాఠశాలల్లో 50,000 మంది ఒకేసారి కూర్చునేలా కంప్యూటర్లు పెట్టించే పథకం చేపట్టింది. తక్కువ ఖర్చులో అన్ని సీట్లు ఎలా వచ్చాయంటే, ఎన్‌కంప్యూటింగ్‌ అనే సంస్థ పద్ధతి వల్ల. ఒక క్యాబినెట్‌లో ప్రత్యేకమైన కార్డు బిగిస్తారు. దాంట్లోంచి తీగలు బయలుదేరి చిన్న చిన్న పెట్టెలకు చేరతాయి. ఒక్కో పెట్టెకు ఒక మానిటరు, ఒక కీబోర్డు, ఒక మౌసు. పనిచేసే కంప్యూటర్‌ ఒకటే, కూర్చునే పిల్లలు పలువురు. ఆ గదిలో ఒక తీగ ఊడితే ఒక తెర ఆరిపోవడం, సారు వచ్చి మళ్లీ గుచ్చితే వెలగడం ఈ అమ్మాయి కళ్లారా చూసింది. తెర ఆరిపోయినంత మాత్రాన యంత్రం చెడిపోయినట్టు కాదని చిన్నప్పుడే తెలిసింది.

నాపరాళ్ల మీద ఆపరేషన్‌

మధ్యాహ్నం మామ ఇంటి వసారాలో నాపరాళ్ల మీద పాత దినపత్రికలు పరిచారు. క్యాబినెట్ల పక్క రేకులు ఊడదీశారు. లోపల వేలెడు మందాన దుమ్ము. ఒకదాంట్లో బల్లి గుడ్ల పెంకులు. పెయింటు బ్రష్షుతో దుమ్ము దులుపుతుంటే మామ తొందరపడి ఒక తీగ లాగబోయాడు.

‘‘ఉండు మామా! యాడిది ఆడ ఫొటో తీసుకుందాం. తర్వాత ఏది యాడ గుచ్చాల్నో తెలియకపోతే మళ్లీ మొదటికొస్తాది.’’

ఫోనుతో ప్రతి మూలా ఫొటో తీసింది. ప్లగ్గులన్నీ గోడనుంచి తీసేసి ఉన్నాయో లేదో ఇంకోసారి చూసుకుంది. చెయ్యి ముందు క్యాబినెట్‌ ఇనుప రేకును తాకించి, ఆ తర్వాతే బోర్డు ముట్టుకుంది. మన ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు మనకు తెలియను కూడా తెలియదు, చిప్‌ను మాత్రం కాల్చేస్తుంది. గాలిలో తేమలేని ఏప్రిల్‌ ఎండల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

పెంటియం-4 బోర్డు చూడగానే జబ్బు దొరికిపోయింది. ప్రాసెసర్‌ చుట్టూ నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకటి రెండు పగిలి, గోధుమరంగు జిగురు కారి ఎండిపోయింది. 2000ల మొదటి అయిదారేళ్లలో తయారైన బోర్డులను ప్రపంచమంతటా పీడించిన రోగమిది. నాసిరకం ద్రావణం నింపిన కెపాసిటర్లు వేడికి ఉబ్బిపోయాయి. పేరున్న కంపెనీల యంత్రాలు కూడా లక్షల్లో దెబ్బతిన్నాయి. ఆ బోర్డు ఇక లేవదు. దాని హార్డ్‌డిస్క్‌ మాత్రం వేరు చేసి పక్కన పెట్టారు. మామ పదేళ్ల పని మొత్తం ఆ 80 జీబీలోనే ఉంది.

ఇక కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లు. ఇరవై నాలుగు పిన్నుల పెద్ద కనెక్టరులో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. దాన్ని పక్కనున్న నల్ల తీగతో కలిపితే, మదర్‌బోర్డు లేకుండానే ఎస్‌ఎంపీఎస్‌ ఆన్‌ అవుతుంది. రిపేరు షాపుల్లో రోజూ చేసే పరీక్ష ఇది. మామ చిన్న తీగ ముక్క వంచి రెంటినీ కలిపాడు. డ్యుయల్‌ కోర్‌ ఎస్‌ఎంపీఎస్‌లో చలనం లేదు. అంటే కరెంటు పోయి వచ్చిన రోజు చచ్చిపోయింది అదే, కంప్యూటర్‌ కాదు. మూడోదాని ఎస్‌ఎంపీఎస్‌ ఫ్యాను మాత్రం చటుక్కున తిరిగింది. చెడిపోయినదాని మూత తీసి చూడబోయిన మామను అమ్మాయి ఆపింది. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో మనిషిని కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.

‘‘డ్యుయల్‌ కోర్‌ బోర్డు, సెకండ్‌హ్యాండ్‌ దాని ఎస్‌ఎంపీఎస్‌, నీ పాత హార్డ్‌డిస్క్‌. ఇంతే మామా మన కంప్యూటర్‌.’’

తిరిగే ఫ్యాను, వెలగని తెర

క్యాబినెట్‌లో బిగించకుండా అట్టముక్క మీదే బోర్డు పెట్టారు. పెద్ద కనెక్టరు గుచ్చారు. స్విచ్చు తీగ బదులు రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌ మొనతో ఒక్క క్షణం తాకించారు. ఫ్యాను తిరిగింది. మానిటరు నల్లగానే ఉంది.

మామ నిట్టూర్చాడు. ‘‘నేను చెప్పలే? బోర్డు కూడా పోయింది.’’

అమ్మాయి తాను తీసిన ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. ప్రాసెసర్‌ పక్కన, హీట్‌సింక్‌ నీడలో, నాలుగు రంధ్రాల చిన్న తెల్లటి సాకెట్‌. ఫొటోలో దానికి పసుపు తీగలు రెండు, నల్ల తీగలు రెండు తగిలించి ఉన్నాయి. ఇప్పుడు అది ఖాళీగా ఉంది. పెంటియం-4 రోజుల నుంచి ప్రాసెసర్‌కు 12 వోల్టుల కరెంటు విడిగా, ఈ నాలుగు పిన్నుల దారిలోనే అందుతుంది. అది గుచ్చకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, ప్రాసెసర్‌ మాత్రం పని మొదలుపెట్టదు. చూసేవాళ్లు బోర్డు పోయిందని తేల్చేస్తారు.

ఎస్‌ఎంపీఎస్‌ తీగల గుత్తిలోంచి ఆ నాలుగు పిన్నుల ముక్క వెతికి పట్టి గుచ్చింది. క్లిప్పు ‘టక్‌’మని పడింది. మళ్లీ ఆన్‌ చేస్తే ఈసారి ఆగి ఆగి పొడుగాటి బీప్‌ శబ్దం. మామ మొహం వాడిపోయింది, అమ్మాయి మొహం వెలిగింది.

‘‘మాట్లాడతా ఉండాది మామా! ర్యామ్‌ కనపడటం లేదని చెప్తా ఉండాది.’’

ర్యామ్‌ ఊడదీసి, దాని అంచునున్న బంగారు రంగు గీతల మీద పెన్సిల్‌ రబ్బరుతో మెల్లగా రుద్దింది. మట్టి రంగు పోయి మెరుపొచ్చింది. రబ్బరు పొడి ఊదేసి, రెండు వైపులా క్లిప్పులు వాటంతటవే మూసుకునేదాకా సమంగా నొక్కింది. తెర మీద బోర్డు కంపెనీ పేరు వచ్చింది. ఏళ్ల తర్వాత ఆ కంప్యూటర్‌ మొదటిసారి కళ్లు తెరిచింది.

ఒకే తీగ మీద ఇద్దరు పెద్దలు

అసలు పరీక్ష ఆ తర్వాతే. బోర్డు మీద హార్డ్‌డిస్క్‌ తగిలించే రెండు కాలాల సాకెట్లు పక్కపక్కనే ఉన్నాయి. నాలుగు చిన్నవి శాటా, ఒకటి పొడుగాటి ఐడీఈ.

ఐడీఈ కథ 1986 నాటిది. అంతకు ముందు హార్డ్‌డిస్క్‌ను నడిపే కంట్రోలరు విడిగా ఒక కార్డు మీద ఉండేది. వెస్టర్న్‌ డిజిటల్‌, కంట్రోల్‌ డేటా, కాంపాక్‌ సంస్థలు కలిసి ఆ కంట్రోలర్‌ను డిస్క్‌ మీదికే చేర్చాయి. డిస్క్‌కూ బోర్డుకూ మధ్య 40 పిన్నుల వెడల్పాటి తీగ ఒక్కటి చాలు. దాదాపు ఇరవై ఏళ్లపాటు ప్రపంచంలోని డెస్క్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఆ తీగ మీదే నడిచాయి. వేగం పెరిగేకొద్దీ పక్కపక్క తీగల సంకేతాలు కలగాపులగం కావడంతో, 40 తీగల మధ్య ఇంకో 40 ఎర్త్‌ తీగలు చేర్చారు. చివరికి 2003లో ఏడు పిన్నుల సన్నటి శాటా వచ్చింది. డిస్క్‌కొక తీగ, ఎవరి దారి వాళ్లది.

మామకు రెండూ కావాలి. ఫైళ్లున్న పాత హార్డ్‌డిస్క్‌ ఐడీఈ, సీడీలు చదవడానికి డీవీడీ రైటరూ ఐడీఈయే. బోర్డు మీద ఐడీఈ సాకెట్‌ ఒక్కటే. ఒకే తీగకు రెండూ తగిలించి ఆన్‌ చేశారు. రెండూ కనపడలేదు.

అమ్మాయి శాటా కాలంలో పెరిగిన పిల్ల. ఈ చిక్కు ఆమెకు అర్థం కాలేదు. మామ నవ్వాడు. ఇది ఆయనకు తెలిసిన లోకం.

‘‘కంభం చెరువు కింద ఒకే కాలవ మీద రెండు మళ్లుంటే ఏం చేస్తారు పాపా? వంతు పెట్టుకుంటారు. ఇదీ అంతే. ఒకటి మాస్టరు, ఇంకోటి స్లేవు. రెండూ నేనే ముందంటే ఇద్దరికీ నీళ్లు రావు.’’

డిస్క్‌ వెనక తీగ గుచ్చే చోటుకూ కరెంటు గుచ్చే చోటుకూ మధ్య చిన్న పిన్నుల వరస ఉంది. వాటి మీద, ఎవరు మాస్టరో ఎవరు స్లేవో తేల్చే బియ్యపు గింజంత జంపరు. డీవీడీ రైటరుకు కూడా జంపరు మాస్టరు దగ్గరే ఉంది. వేరే కంప్యూటర్లో దాని తీగ మీద అదొక్కటే ఉండేది కాబట్టి. మామ పట్టుకారుతో ఆ జంపరు లాగి, స్లేవు అని రాసి ఉన్నచోట దింపాడు.

మళ్లీ గుచ్చబోతూ అమ్మాయి చెయ్యి ఆపింది. హార్డ్‌డిస్క్‌ సాకెట్‌లో కింది వరస పిన్ను ఒకటి పక్కకు వంగి ఉంది. ఎప్పుడో ఎవరో బలవంతంగా నొక్కారు. అలాగే ఇంకోసారి నొక్కితే విరుగుతుంది. విరిగితే మామ పదేళ్ల పని ఆ డబ్బాలోనే ఉండిపోతుంది. ఇంట్లో వెతికి, అయిపోయిన పెన్ను రిఫిల్‌ తెచ్చింది. దాని మొన కత్తిరించి, ఆ బోలు గొట్టాన్ని పిన్ను మీదికి తొడిగింది. ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున నిలువుకు తెచ్చింది. వసారాలో ఎవరూ మాట్లాడలేదు. పిన్ను వరసలో కలిసింది.

ఐడీఈ తీగ అంచున ఎర్రగీత ఉంటుంది. అది ఒకటో నంబరు పిన్ను వైపు. డిస్క్‌ మీద దాదాపు ఎప్పుడూ అది కరెంటు కనెక్టరు పక్కకే వస్తుంది. నీలిరంగు కొస బోర్డుకు, చివరి నల్ల కొస మాస్టరుకు, నడుమనున్న బూడిదరంగుది స్లేవుకు. కరెంటు కనెక్టరుకు ఒకవైపు మూలలు చెక్కేసి ఉంటాయి. తలకిందులుగా పెడితే పట్టదు. పట్టకపోయినా బలం ప్రయోగిస్తే 5 వోల్టులు అందాల్సిన చోట 12 వోల్టులు చేరి డిస్క్‌ కాలిపోతుంది. ఇవన్నీ తయారుచేసినవాళ్లు మన వేళ్ల కోసం పెట్టిన గుర్తులు. చూసి గుచ్చేవాడికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

ఆన్‌ చేశారు. తెర మీద రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. మామ రెండు చేతులూ జోడించాడు.

తేదీ తప్పితే తలుపు తెరవదు

మిగిలింది కంప్యూటర్‌కు ఊపిరి పోయడం. డ్యుయల్‌ కోర్‌లోని సొంత శాటా డిస్క్‌ ఒకసారి కనపడుతుంది, ఒకసారి మాయమవుతుంది. డిస్క్‌ పోయిందనుకునే ముందు ఎర్రటి శాటా తీగ మార్చి చూశారు. పాత తీగకు పట్టుకునే క్లిప్పు లేదు, కదిలితే వదులవుతోంది. మూడో కంప్యూటర్లోంచి తీసిన తీగ వేస్తే డిస్క్‌ నిలకడగా నిలిచింది.

విండోస్‌ 7కు మైక్రోసాఫ్ట్‌ అదే ఏడాది జనవరి 14న మద్దతు ఆపేసింది. పాత యంత్రం మీద తేలిగ్గా నడిచే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్‌ సిస్టం లైనక్స్‌ మింట్‌. దాదాపు రెండు జీబీల ఫైలు. ఫోనుకు రోజూ వచ్చే డేటా దానికి చాలదు. రాత్రి పన్నెండు దాటి కొత్త రోజు కోటా వచ్చేదాకా మేలుకుని మిగతా సగం దించింది. పక్క వీధిలో బ్యాంకు ఉద్యోగి లాప్‌టాప్‌ ఒక్క గంట అడిగి, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. శాటా డిస్క్‌లో మింట్‌ పడింది. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపితే ఇంటర్నెట్‌ కూడా వచ్చింది.

అయినా ఒక్క సైటూ తెరుచుకోవడం లేదు. కనెక్షన్‌ సురక్షితం కాదంటూ హెచ్చరిక. కుడిమూల తేదీ చూస్తే అందులో ఇంకా 2009 జనవరి. బోర్డు మీద రూపాయి బిళ్లంత సీమోస్‌ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, గడియారం పుట్టిన రోజుకు వెళ్లిపోయింది. సైట్ల భద్రతా పత్రాలకు తేదీలుంటాయి. 2009లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కు 2020 పత్రాలు చెల్లవు. మూడో కంప్యూటర్‌ బోర్డులోంచి మూడు వోల్టుల బ్యాటరీ తీసి వేశారు. తేదీ సరిచేశారు. ప్రపంచం తలుపు తెరిచింది.

ముందుగా చేసిన పని, పాత ఐడీఈ డిస్క్‌లోని ఫైళ్లన్నీ శాటా డిస్క్‌కు కాపీ చేయడం. పేజ్‌మేకర్‌ ఫైళ్లు మింట్‌లో తెరుచుకోవు, కానీ భద్రంగా చేరాయి. ప్రింటు కోసం తీసిన బొమ్మలు మాత్రం తెరుచుకున్నాయి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు. వాటిలో ఈ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌ పత్రిక కూడా ఉంది. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ తెర చుట్టూ చేరారు.

పోయింది యంత్రమా, తీగా?

ఆ సెమిస్టర్‌ ల్యాబ్‌ ప్రోగ్రాములన్నీ ఆ కంప్యూటర్‌ మీదే అయ్యాయి. పాఠం ఫోన్లో వినడం, ప్రోగ్రాం కంప్యూటర్లో రాయడం. సంగతి తెలిసి ఊళ్లో వాళ్లు తమ ఇళ్లలో మూలనపడ్డ క్యాబినెట్లు తీసుకొచ్చారు. కొన్ని నిజంగానే పోయాయి. చాలావాటిలో దొరికింది మాత్రం వదులైన తీగ, మట్టిపట్టిన ర్యామ్‌, చచ్చిపోయిన బ్యాటరీ, మాడిపోయిన ఎస్‌ఎంపీఎస్‌.

మన ఊళ్లలో ఇది ఒక్క ఇంటి కథ కాదు. పాఠశాలల గదుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో, లైబ్రరీల్లో తెల్లగుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటర్లు ఎన్నో. ఒక తీగ ఊడితే చూసేవాడు లేక, కొత్తది వచ్చేదాకా ఆగి, చివరికి పాతసామాను బండెక్కుతాయి. అక్కడ రాగి కోసం తీగలు కాలుస్తారు, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. అదే యంత్రం ముందు కూర్చుని నేర్చుకోవలసిన పిల్లలు.

ఇదే ప్రాంతంలోని మార్కాపురం గనుల్లో తీసిన పలకల మీద దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దారు. చదువుకు పనిముట్లు అందించిన ప్రాంతం ఇది. ఇవాళ ఆ పనిముట్టు కంప్యూటరైతే, దాన్ని విప్పి, చూసి, బిగించడం కూడా చదువులో భాగం కావాలి. ఎనిమిదో తరగతి పిల్లల ముందు ఒక పాత క్యాబినెట్‌ పెట్టండి. ప్లగ్గు తీయడం, ఇనుము తాకడం, ఫొటో తీసుకోవడం, ఎర్రగీత ఎటుందో చూడటం, పట్టనిచోట బలం ప్రయోగించకపోవడం నేర్పండి. దానికి బడ్జెట్‌ అక్కర్లేదు. స్టోర్‌ రూం తాళం తీసే హెడ్మాస్టరు ఒక్కరు చాలు.

ఆ అమ్మాయి చదువు పూర్తయింది. మామ సెంటరులో ఇప్పుడు కొత్త కంప్యూటర్‌ ఉంది. పాతసామానాయన వస్తే మాత్రం మామ ఏదీ ఊరికే ఇవ్వడు. ముందు మూత తీస్తాడు, నాలుగు పిన్నుల తీగ చూస్తాడు, ర్యామ్‌ రుద్దుతాడు, తీగలు మార్చి చూస్తాడు. అప్పటికీ లేవకపోతేనే తూకానికి పెడతాడు. ప్రతి ఊళ్లో, ప్రతి బడిలో అదే వరస పాటించాలి.